కదలని చేతికి కట్టిన గడియారం

పోచంపల్లి
2-3-1948

పూజ్యులైన మల్లప్ప బావగారికి రామచంద్రం నమస్కారాలు.

మీరూ సుగుణక్కా బాగున్నారని కిష్టయ్య చెప్పాడు. లారీ తోలుకుంటూ ఊరూరు తిరిగేవాడు కదా, టప్పా కన్నా ముందే కబుర్లు మోస్తాడు. ఈ ఉత్తరం కూడా అతని చేతికే ఇస్తున్నాను. టప్పాలో వేస్తే దారిలో ఎవరెవరు విప్పి చదువుతారో తెలియని రోజులివి.

మీరు నాకు పని నేర్పి పదేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఏ గడియారం ముందూ చేతులెత్తలేదు, ఇప్పుడు ఎత్తాను. మా ఊరికి రెండు కోసుల దూరంలో ఉన్న గడీ దొర బొంబాయి నుంచి ఒక చేతి గడియారం తెప్పించుకున్నాడు. బంగారు పెట్టె, ఆరు వందల రూపాయలు. దీనికి చావి ఇచ్చే పని లేదు. కట్టుకున్న చెయ్యి కదులుతుంటే లోపల ఒక బరువు ముక్క అటూ ఇటూ ఊగి స్ప్రింగును తనే చుడుతుంది. అద్దం కింద ఆటోమేటిక్ అని రాసి ఉంది. ఇలాంటిది నేను చూడడం ఇదే మొదలు.

అది రెండో రోజుకు ఆగిపోతోంది. విప్పాను, కడిగాను, నూనె పెట్టాను. నా ముందు నిమిషం తప్పకుండా నడిచింది. దొర చేతికెక్కాక రెండో రోజు మళ్ళీ ఆగింది. నిన్న గుమాస్తా వచ్చాడు. "లోపలి సామాను తీసుకొని సస్తా సామాను ఏసినవంటాండు దొర. ఉగాది దర్బారు నాటికి గిది నడవకుంటే నీ చేతివేళ్ళు ఉండవు" అని చెప్పి పోయాడు. ఇది ఉత్త బెదిరింపు కాదు బావా. పోయినేడు ఇస్త్రీలో అంగీ మాడిందని చాకలాయన అరచేతిలో నిప్పు పెట్టించిన గడీ అది. వేళ్ళు పోతే నాకు మిగిలేదేమిటి?

ఇలాంటిదే తక్కువ ధరది మీ ఇంట్లో ఒకటి ఉందని అక్క ఒకసారి చెప్పింది. కిష్టయ్యతో పంపండి. రెండూ పక్కపక్కన విప్పి చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

మీ బామ్మర్ది
రామచంద్రం

మహబూబ్‌నగర్
10-3-1948

చిరంజీవి రామచంద్రానికి మల్లప్ప ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత భయపడ్డాను. నవ్వు ఎందుకో చెబుతాను.

మా ఇంట్లో ఉన్నది ఉక్కు పెట్టె గడియారం. తొంభై రూపాయలు. కొత్తకోట దగ్గర మోటారు చెడి నిలబడిపోయిన ఒక మద్రాసు ఆసామి అమ్ముకొని పోయాడు. కొన్న కొత్తలో నేను కట్టుకుంటే అదీ రెండో రోజు ఆగింది. మూడుసార్లు విప్పాను, ఆ మద్రాసు ఆసామిని ముప్పై సార్లు తిట్టాను. తర్వాత మీ అక్క ముచ్చటపడి కట్టుకుంది. నాలుగు నెలలైంది, ఒక్కసారి ఆగలేదు. పొద్దున చల్ల చిలుకుతుంది, జొన్నలు విసురుతుంది, నీళ్ళు చేదుతుంది, నన్ను తిట్టేటప్పుడు కూడా చెయ్యి ఊపుతుంది. నేనో? పొద్దంతా మోచెయ్యి బల్లకానించి కూర్చునేవాణ్ణి.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, గడియారం ఎంత? రోగం గడియారంలో లేదురా, చేతిలో ఉంది. కాని ఆ మాట దొర ముందు అంటే నీకు వేళ్ళే కాదు, తల కూడా మిగలదు. ముందు నీ కళ్ళతో చూసి రా. ఎడమ చేతికి కట్టుకుంటున్నాడేమో, కుడికి మార్చమను. కుడి చెయ్యి ఎంత సోమరిదైనా ఎడమకంటే నయం. నడక పరీక్షించాలంటే నీ చేతికే కట్టుకో. దొర సొమ్ము పరాయి చేతికి కట్టకు.

ఉక్కు గడియారం పంపుతున్నాను. "నా గడియారం నాకు జల్ది పంపు తమ్మీ, లేకుంటే మీ బావ పదకొండింటికే అన్నం పెట్టమంటడు" అని మీ అక్క రాయమంటోంది.

మల్లప్ప

పోచంపల్లి
27-3-1948

బావగారికి నమస్కారాలు.

రెండు గడియారాలూ పక్కపక్కన విప్పాను. మీరు పక్కన లేరే అని మొదటిసారి బాధపడ్డాను. దొరది మెరుగు పెట్టిన సామాను, ఇరుసుల కింద పదిహేడు కెంపు రాళ్ళు, చక్రాల అంచులు కూడా నున్నగా గీసి ఉన్నాయి. అక్కది మోటు సామాను, గీతలు కనబడుతూనే ఉన్నాయి. కాని లోపల ఊగే బరువు ముక్క రెండింటికీ ఒక్క తీరే. ఒక్క తేడా పట్టుకున్నాను. దొర గడియారంలో స్ప్రింగు పొడుగు, అది నిండాలంటే చెయ్యి చాలాసేపు ఆడాలి. అక్కది పొట్టి స్ప్రింగు, కొంచెం పనికే కడుపు నిండుతుంది. డబ్బు ఎక్కువ పెట్టి కొన్నది ఎక్కువ పని అడుగుతోంది.

గడీకి కూడా పోయి వచ్చాను. గడియారం అప్పగించి, నడక చూడాలని చెప్పి సగం పూట అరుగు కింద నిలబడ్డాను. బావా, దొర గడియారాన్ని కుడి చేతికే కడతాడు, వచ్చినవాళ్ళకు కనబడాలని. ఆ చెయ్యి మెత్త మీద పెడితే పెట్టినట్టే ఉంటుంది. విసనకర్ర ఒకరు విసురుతారు, హుక్కా గొట్టం నోటి దగ్గరికి ఒకరు తెస్తారు, కాగితం మీద గుమాస్తా రాస్తాడు, తాంబూలం చుట్టి నోట్లో ఇంకొకరు పెడతారు. నేను చూసినంతసేపు ఆ చెయ్యి ఒక్కసారి కదిలింది. అదీ ఒకడిని దగ్గరికి రమ్మని రెండు వేళ్ళు ఆడించడానికి.

మర్నాడు ఆగిందని మళ్ళీ నా దగ్గరికే పంపారు. నా చేతికి కట్టుకుంటే నా దగ్గరా ఆగింది. నేనూ మీలాగే బల్లకు అతుక్కున్నవాణ్ణి కదా. అందుకని బాగా ఆడే చేతికి కట్టి పరీక్షించాను. అయిదు రోజుల్లో అర నిమిషం కూడా తప్పలేదు. గడియారంలో దోషం లేదని ఇప్పుడు ఒట్టు వేసి చెప్పగలను. దొరకు ఎలా చెప్పాలో మాత్రం తెలియడం లేదు.

రామచంద్రం

మహబూబ్‌నగర్
2-4-1948

రామచంద్రానికి,

బాగా ఆడే చెయ్యి అని రాశావు. ఎవరిది ఆ చెయ్యి? నీకు పెళ్ళాం లేదు, మీ ఇంట్లో చల్ల చిలికే దిక్కు లేదు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, పేరు ఎక్కడా లేదు. నువ్వు ఏదైనా దాచితే నీ అక్షరాలు సన్నబడతాయి, చిన్నప్పటి నుంచీ అంతే.

ఎవరి చేతికి కట్టావో వాళ్ళ దగ్గరి నుంచి ఇప్పుడే విప్పించుకో. ఈ ఉత్తరం చదవడం కూడా ఆపి లేచి వెళ్ళు. ఊళ్ళన్నీ ఇప్పుడు ఎండుగడ్డి వాములు. దొరలను ఎదిరించే సంఘం వాళ్ళని పేరు పెట్టి ఎవరిని పట్టుకుపోయినా అడిగేవాళ్ళు లేరు.

మల్లప్ప

పోచంపల్లి
6-4-1948

బావా,

మీ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యంగా అందింది. కిష్టయ్య బండి మలుపుకొని వచ్చేదాకా వాకిట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. తిరుగు బండిలోనే ఇస్తాను, జవాబు కూడా అతనితోనే పంపండి. నాలుగు రోజుల్లో ఉగాది.

ఆ చెయ్యి మైసయ్యది. మా గోడ అవతలి ఇల్లు, గుంట మగ్గం నేస్తాడు. పొద్దున మగ్గంలో దిగితే పొద్దుగూకే దాకా కుడి చెయ్యి నాడె తాడు గుంజుతూనే ఉంటుంది. అంతకంటే ఆడే చెయ్యి మా ఊళ్ళో లేదు. గోడ మీదుగా పిలిచి నేనే కట్టాను. "గింత బంగారం నా చేతికెందుకన్నా" అంటే, అయిదు రోజులే అన్నాను. అయిదు రోజులూ అయ్యాక, దర్బారు దాకా ఆగకుండా ఉండాలని విప్పించుకోలేదు. మగ్గం మీద కూర్చున్నవాడి చెయ్యి ఎవరు చూస్తారు అనుకున్నాను.

నిన్న గడీ మనుషులు ఉగాది దర్బారుకు రుమాళ్ళు వసూలు చేయడానికి వచ్చారు. మగ్గం మీద ఉన్న రుమాలు కోసి ఇమ్మని గుంటలోకి తొంగి చూశారు. చేతికి దొర గడియారం. అప్పటికప్పుడు రెక్కలు విరిచి కట్టారు. ఎవరిచ్చారంటే మైసయ్య నోరు విప్పలేదు. నా వేళ్ళ సంగతి నేనే అతనికి చెప్పుకున్నాను బావా, అందుకే చెప్పలేదు.

అసలు మాట ఇంకా రాయలేదు. గుమాస్తా అక్కడి నుంచి నేరుగా నా వాకిట్లోకి వచ్చి, గడియారం నీ దగ్గర దొంగతనమైందా అని అడిగాడు. ఔనని అనలేదు. కాదని కూడా అనలేదు. తల దించుకున్నాను. దాన్నే ఔనని తీసుకొని పోయాడు.

మైసయ్యను గడీలో ధాన్యం కొట్లో పడేశారు. సంఘం మనిషి, దొర సొమ్ము దోచాడు అని పేరు పెట్టి ఉగాది మర్నాడు భువనగిరిలో రజాకార్లకు అప్పగిస్తారట. అలా పోయినవాళ్ళు తిరిగి రావడం మేము చూడలేదు. అతని పెళ్ళాం ఉప్పలమ్మ పొద్దున వచ్చి గడప బయటే నిలబడింది. ఏడవలేదు. "నువ్వు కట్టినవని నాకెరుక. నువ్వు పోయి చెప్తవా, నేను చెప్పాల్నా?" అన్నది. గోడ అవతల మగ్గం చప్పుడు లేదు. ఇన్నేళ్ళుగా ఆ చప్పుడు మీదనే పని చేస్తున్నానని నాకు ఇవ్వాళే తెలిసింది.

నేనేం చేయాలి?

రామచంద్రం

మహబూబ్‌నగర్
7-4-1948

రామచంద్రానికి,

నేనేం చేయాలి అని అడగడంలోనే నీకు తెలుసునని ఉంది.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. నువ్వు నా దగ్గరికి రాకముందు నా దుకాణంలో నర్సింహ అని ఒకతను పనిచేసేవాడు. తాలూకా కచేరీలో ఒక పెద్ద అధికారి జేబు గడియారం కనబడలేదు. నర్సింహను పట్టుకున్నారు. ఆ గడియారం నా బీరువాలోనే, వేరే కాగితంలో చుట్టి ఉందని మధ్యాహ్నానికే నాకు తెలిసింది. తప్పు నాదని చెబితే దుకాణం పోతుందని సాయంత్రం దాకా ఆగాను. సాయంత్రం చెప్పాను. అప్పటికి అతని కుడి మణికట్టు విరిచారు. ఇప్పుడు అచ్చంపేటలో అడవి సరుకు అమ్ముకుంటున్నాడు. నన్ను చూస్తే ఇప్పటికీ నమస్కారం పెడతాడు, ఎడమ చేత్తో. ఆ నమస్కారం నాకు అన్నం దిగనివ్వదు.

నువ్వు సాయంత్రం దాకా ఆగకు. మన ఉక్కు గడియారం ముందు పెట్టి, నేనే కట్టాను, పరీక్ష కోసం కట్టాను అని చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. వేళ్ళు పోతే మా ఇంటికి రా, నీకు అన్నం పెట్టే చేతులు ఇక్కడ నాలుగున్నాయి. మీ అక్క ఇది విని దేవుడి ముందు కూర్చుంది, ఇంకా లేవలేదు.

మల్లప్ప

పోచంపల్లి
12-4-1948

బావగారికి నమస్కారాలు.

మైసయ్య బతికాడు. నా వేళ్ళు పదీ ఉన్నాయి. ఇంత మంచి కబురు రాస్తూ ఇంత సిగ్గుపడేవాణ్ణి మీరు చూసి ఉండరు.

ఉగాది ముందురోజు పొద్దున్నే గడీకి పోయాను. నేనే కట్టానని చెప్పాను, అంతవరకు మీ మాట నిలబెట్టాను. దొర కోపం చేయలేదు. మెత్త మీద చెయ్యి అలాగే పెట్టి, అక్క గడియారాన్ని కళ్ళతో చూపించి, "తొంబై రూపాలది నడుస్తాంది. నాది ఎందుకు నడుస్తలేదు?" అన్నాడు. చెయ్యి కదపాలి అన్న రెండు మాటలు అనలేకపోయాను. నా నోటి నుంచి వేరే మాట వచ్చింది. ఇది కష్టం చేసే చెయ్యి కోసం చేసిన వస్తువు దొరా, తమరి చేతికి కష్టం తగదు, ఎవరైనా ఒకరు పూటపూట కట్టుకొని నడిపించి ఇస్తే తమరి దగ్గర హాయిగా నడుస్తుంది అన్నాను.

దొరకు అది ఎంత నచ్చిందో చెప్పలేను. ఊళ్ళో ప్రతి పనివాడి మీదా వెట్టి ఉంది, ఇకనుంచి గడియారానికి కూడా వెట్టి ఉండాలన్నాడు. కొట్లో నుంచి మైసయ్యను తీయించి ఆ వెట్టి అతని మీదనే వేశాడు. పొద్దు పొడవకముందే మైసయ్య గడీకి పోవాలి, అక్కడి కొట్టంలో వేసిన మగ్గం మీద మధ్యాహ్నం దాకా నేయాలి, చేతికి దొర గడియారం, పక్కన కాపలా. నేసిన గుడ్డ కూడా దొరదే. మధ్యాహ్నం గడియారం విప్పి దొరకు కడతారు. మొన్నటి దర్బారులో అది ఠంచనుగా నడిచింది.

మైసయ్య నన్ను ఒక్క మాట అనలేదు. ఉప్పలమ్మ అంది. "పాణం ఇచ్చినవ్, చెయ్యి గుంజుకున్నవ్. సగం పూట మగ్గంతోని ఎట్ల బతకాలె?" అంది.

రామచంద్రం

మహబూబ్‌నగర్
4-5-1948

రామచంద్రానికి,

నేను చెప్పమన్నది నిజం. నువ్వు చెప్పింది ముఖస్తుతి. ఒక్క రాత్రిలో కొత్త వెట్టిని పుట్టించావు, అది కూడా మన విద్యతో. ఎవరికి నేర్పానురా ఈ విద్య అని పొద్దున నుంచి చిరాకుగా ఉంది.

అయినా నిన్ను తిట్టే నోరు నాకు లేదు. నేను సాయంత్రం దాకా ఆగినవాణ్ణి. నువ్వు పొద్దున్నే పోయావు, కాకపోతే సగం దారిలో కూర్చున్నావు. మిగతా సగం నీ కోసం ఎక్కడో కాచుకునే ఉంటుంది. ఉక్కు గడియారం అప్పటిదాకా నీ దగ్గరే ఉంచుకొమ్మని మీ అక్క అంటోంది. నాకు పదకొండింటికే ఆకలేస్తోంది.

మల్లప్ప

పోచంపల్లి
29-9-1948

బావగారికి నమస్కారాలు.

మీ దిక్కు మిలిటరీ ఎప్పుడు వచ్చిందో, మీరెలా ఉన్నారో రాయండి. ఇక్కడ సూర్యాపేట రోడ్డు మీద యూనియన్ టాంకులు వస్తున్నాయని తెలిసిన పొద్దున్నే దొర పెట్టెలు సర్దుకొని మోటారులో పట్నం పారిపోయాడు. పెట్టెలు, వెండి, తుపాకులు అన్నీ గుర్తున్నాయి, గడియారం గుర్తులేదు. అది అప్పుడు కొట్టంలో మైసయ్య చేతికి ఉంది.

మధ్యాహ్నం దాకా నేసి విప్పబోతే తీసుకునే మనిషి లేడట. కాపలావాడు కూడా లేడు. మైసయ్య నడిచి మా ఇంటికి వచ్చి బల్ల మీద పెట్టాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నన్ను చూసి నవ్వి, తీసుకుపోయి తన మగ్గం గుంజకు మేకు కొట్టి తగిలించాడు. మర్నాటి సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు అది ఆగింది. గోడ అవతల మగ్గం మాత్రం ఇప్పుడు పొద్దంతా మోగుతోంది. అయిదు నెలల తర్వాత నాకు పని మీద చెయ్యి కుదిరింది.

దొర తిరిగి రాడని అందరూ అంటున్నారు.

రామచంద్రం

మహబూబ్‌నగర్
6-10-1948

రామచంద్రానికి,

మేము క్షేమమే. తిరిగి రాడని ఎవరన్నారు? ఇక్కడి దొరలు ఒక్కొక్కరే దిగుతున్నారు, ఖద్దరు టోపీలతో. మొన్న ఒకాయన టోపీ వెనక్కి ముందుకు తెలియక తిప్పి తిప్పి పెట్టుకుంటుంటే చూశాను. ఆ గడియారాన్ని మేకు మీద ఉంచవద్దు. ఇప్పుడు సంఘం వాళ్ళని పట్టుకునేది మిలిటరీ. నేత మనిషి ఇంట్లో బంగారం దొరికితే ఏమనుకుంటారో నీకు చెప్పాలా?

మల్లప్ప

పోచంపల్లి
21-10-1948

బావగారికి, సుగుణక్కకు నమస్కారాలు.

మీ ఉత్తరం చేరేలోపే మీరు రాసినట్టే అయింది. ఈసారి ఏదీ దాచకుండా రాస్తున్నాను, అక్షరాలు లావుగా ఉన్నాయో లేదో చూసుకోండి.

దొర వచ్చాడు, ఖద్దరు టోపీతోనే. వచ్చిన మూడో రోజు మిలిటరీ క్యాంపులో ఫిర్యాదు ఇచ్చాడు. తాను లేనప్పుడు మైసయ్య సంఘం వాళ్ళతో కలిసి గడీ దోచాడట, సాక్ష్యం గడియారమట. మేకు మీద ఉన్నది సిపాయిలకు దొరికింది. మైసయ్యను కట్టి గడీ అరుగు ముందు కూర్చోబెట్టారు. అక్కడి నుంచి క్యాంపుకు తీసుకుపోతారు, క్యాంపు నుంచి ఎక్కడికో ఎవరికీ తెలియదు.

ఈసారి ఉప్పలమ్మ నా గడప దగ్గరికి రాలేదు. రాకపోవడమే నాకు ఎక్కువ తగిలింది. అక్క గడియారం జేబులో వేసుకొని పోయాను. ఊరు సగం అక్కడే ఉంది. సుబేదారు కుర్చీలో కాగితాలు చూస్తున్నాడు, ఆయన ఉత్తరాది మనిషి. దొర పక్క కుర్చీలో ఉన్నాడు. దొరికిన సొమ్ము అప్పుడే కుడి చేతికి కట్టుకున్నాడు. ముల్లు నాలుగూ పది మీదనే ఉంది. దోచుకుపోయి పాడు కూడా చేశారని సుబేదారుకు చూపిస్తున్నాడు.

నేను ముందుకు వెళ్ళి ఉర్దూలో చెప్పాను. గడియారం బాగుచేసేవాణ్ణి నేను, అది పాడు కాలేదు, మైసయ్య దోచలేదు, దొరగారే అయిదు నెలలు వెట్టికి అతని చేతికి కట్టించారు అన్నాను. ఆరు వందల గడియారం నేతవాడికి ఎవరైనా కడతారా అని దొర నవ్వాడు. ఎందుకు కట్టించాడని సుబేదారు అడిగాడు. అదే ప్రశ్న బావా, ఏప్రిల్‌లో నేను తప్పించుకున్నది.

జేబులోంచి అక్క గడియారం తీశాను. అది కూడా నా పెట్టెలో పడి ఆగే ఉంది. అందరి ముందు ఒక్కసారి ఊపాను, నడిచింది. సుబేదారుకు చూపించి, చెయ్యి ఆడితేనే ఇవి నడుస్తాయని ఉర్దూలో చెప్పి, దొర దిక్కు తిరిగి మన మాటలో అన్నాను.

"తొంబైదైనా ఆరు నూర్లదైనా రెండిటికీ గిదే చావి దొరా. చెయ్యి కదపాలె. మీ చెయ్యి కదలది, అందుకే మైసయ్య చెయ్యి గుంజుకున్నరు."

దొర లేచాడు. ఆయన ఎవరి సాయం లేకుండా లేవడం నేను చూడలేదు. కుడి చేత్తో నా చెంప మీద కొట్టాడు. దవడ కదిలిపోయినట్టయింది, కింద పడ్డాను. పడ్డవాణ్ణి అక్కడి నుంచే ఆ చెయ్యి చూశాను. సెకన్ల ముల్లు తిరుగుతోంది.

"చూసిండ్రా దొరా, నడుస్తాంది" అన్నాను.

సుబేదారు లేచి వచ్చి దొర చెయ్యి పట్టుకొని చెవి దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత ఫిర్యాదు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొని, మైసయ్య కట్లు విప్పమని సిపాయికి సైగ చేశాడు. అప్పుడు మొదట నవ్వింది ఉప్పలమ్మ. తర్వాత ఊరంతా.

రేపు దొర ఏం చేస్తాడో తెలియదు. నాకు భయం పోలేదు, కాని ఆ భయంతోనే అన్నం తినగలుగుతున్నాను. ఎడమ చెంప వాచింది, మెత్తటి అన్నమే దిగుతోంది. నాకంటే ముందే లేచి మైసయ్య మగ్గంలో దిగాడు. ఇది రాస్తున్నంతసేపు గోడ అవతల చప్పుడు ఆగలేదు.

అక్క గడియారం కిష్టయ్యతో పంపుతున్నాను. దారిలో చేతికి కట్టుకొమ్మని అతనికి చెప్పాను, లారీ తోలే చెయ్యి కదా, మీ ఇంటికి నడుస్తూనే వస్తుంది. ఈసారి అచ్చంపేట పోయినప్పుడు నర్సింహకు నా నమస్కారం కూడా చెప్పండి. దొర గడియారం ఆ సాయంత్రమే మళ్ళీ ఆగిందట. బాగుచేయమని నా దగ్గరికి మాత్రం పంపలేదు.

మీ బామ్మర్ది
రామచంద్రం